దారాలు చూపించే మనిషి

కెమెరా ఆన్ చేసిన వెంటనే ఆయన చేయి అడ్డం వచ్చేది. ఆ చేతిలో ఒక తాళాల రింగు, రింగుకు కట్టిన పన్నెండు పట్టుదారపు కుచ్చులు. లెన్సుకు మూరెడు దూరంలో పట్టుకుని ఒక్కొక్క కుచ్చునూ బొటనవేలితో విడదీసి, బళ్ళో అయ్యవారు హాజరు పిలిచినట్టు పేర్లు చదివేవాడు. ఇది పసుపు. ఇది చిలకపచ్చ. ఇది నెమలికంఠం. ఇది నలుపు. పన్నెండూ అయ్యాక రింగు జేబులో వేసుకుని పక్కకు జరిగేవాడు. ఆ తర్వాతే మేం పెళ్ళి తీసినా, గృహప్రవేశం తీసినా.

ధర్మవరంలో నా స్టూడియోలో ఆయన పదకొండేళ్ళు మిక్సింగ్ చేశాడు. తీసుకొచ్చిన వీడియోను కోసి, అతికి, రంగులు సరిచేసి, పాటలు పెట్టే పనిని మా దగ్గర మిక్సింగ్ అంటారు. ఆయన షూటింగుకు రాని రోజున ఆ రింగు కెమెరా సంచీలో ఉండేది. కెమెరా పట్టుకున్న ఎవరైనా సరే ముందు దారాలు చూపించి తీరాలి. చూపించకపోతే తిట్టేవాడు కాదు. ఆ వీడియో ముందు కూర్చుని, తీసినవాడు ఆ గదిలోకి వచ్చేదాకా పని మొదలుపెట్టకుండా, "పెండ్లికూతురు చీర ఏం రంగప్పా?" అని అడిగేవాడు. వాడికి గుర్తుండేది కాదు. "నీకూ తెలీదు, నాకూ తెలీదు. దారానికి తెలుసు" అనేవాడు. అంతే.

ఈ వేసవిలో ఆయన పోయాడు. మా జిల్లా ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫొటో పెట్టారు. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. ఆ వరస మధ్యలో కదిరి వైపు కుర్రాడెవడో, "ఈయన ఎవరు అన్నా?" అని అడిగాడు. ఒకతను జవాబు రాశాడు: "ఊసరవెల్లి అనేవాళ్ళు కదా, రంగులు మార్చే ఆయన." రాసినతను చెడ్డవాడు కాదు. ఆయనను అందరూ గుర్తుపట్టేది ఆ పేరుతోనే. ఆ పేరు పెట్టింది నేను కాదు. ఆ పేరు రావడానికి కారణమైన మాట మాత్రం నాది. చనిపోయాక కూడా అది ఆయన ఫొటో కింద కూర్చుంది. దాన్ని అక్కడినుంచి తీసేయడానికే ఇది రాస్తున్నాను.

ఆయన అసలు పేరు రాయను. రాయొద్దని ఆయన భార్య అడిగింది. బజార్లో ఆ పేరు ఒకసారి తిరిగింది చాలు అంది.

ఆయన వాళ్ళ నాయన పట్టుదారానికి రంగులద్దే మనిషి. ఇంటి వెనక రాగి గంగాళాలు, కట్టెల పొయ్యి, తీగల మీద ఆరే దారాలు. చిన్నప్పటినుంచీ వేడినీళ్ళలో దారం ముంచి తీసీ తీసీ ఆయన గోళ్ళ అంచులకు ఒక రంగు పట్టి ఉండేది. కంప్యూటరు పనికి వచ్చి ఇన్నేళ్ళయినా అది పూర్తిగా పోలేదు. కీబోర్డు ముట్టుకునే ముందు రెండు చేతులూ చొక్కాకు తుడుచుకునేవాడు. ఇంకా రంగు అంటుకుని ఉందేమో అన్నట్టు.

కుర్చీలో ఒక కాలు మడిచి కూర్చునేవాడు. వీడియో మొత్తాన్ని మొదటిసారి శబ్దం తీసేసి చూసేవాడు. పాటలు, మేళం ఉంటే కన్ను మోసపోతుందట. చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి వేలి కణుపుతో బల్ల మీద టక్ మని కొట్టేవాడు. అక్కడ ఏదో చెడిపోయిందని అర్థం. ఒక సెకనులో ఇరవై అయిదో వంతు పాటు బొమ్మ గళ్ళుగళ్ళుగా పగిలిందనో, పచ్చటి చార ఒకటి మెరిసిపోయిందనో. మాకెవరికీ కనిపించేది కాదు. వెనక్కి పోయి ఒక్కొక్క బొమ్మే జరిపి చూస్తే సరిగ్గా ఆయన కొట్టినచోటే ఉండేది. మగ్గం మీద పోగు తెగితే నేసేవాడికి చేతికి తెలుస్తుంది, చూడనక్కర్లేదు అనేవాడు. మధ్యాహ్నం సంగటి తినడానికి ఇంటికి పోయేటప్పుడు మానిటరు మీద తన తువ్వాలు కప్పి పోయేవాడు. కిటికీలోంచి ఎండ పడితే దాని కన్ను చెడుతుందని. వచ్చాక ఆ తువ్వాలుతోనే ముఖం తుడుచుకుని భుజాన వేసుకునేవాడు. మేం నవ్వేవాళ్ళం. ఆయన కూడా నవ్వేవాడు గానీ మానలేదు.

ఇక కెమెరా సంగతి.

ఎనిమిదేళ్ళ కింద నేను బెంగళూరులో ఒక సెకండ్‌హ్యాండ్ డిజిటల్ కెమెరా కొన్నాను. అమ్మినతను దాంతో రాత్రిపూట నక్షత్రాల ఫొటోలు తీసేవాడట. అందుకని దాన్ని విప్పి, లోపల కంపెనీవాళ్ళు పెట్టిన ఒక అద్దాన్ని తీసేయించాడు. కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు ఎవరో రాసిన ఇంకో సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కించాడు. దాంతో అది చీకట్లోనూ చూస్తుంది, ఎక్కువసేపు తీస్తుంది, బొమ్మ చాలా నున్నగా వస్తుంది. గుంతమగ్గం దగ్గర వెలుతురు తక్కువ. మా ఊళ్ళో మగ్గాలు తీయడానికి ఇంతకంటే మంచిది ఉండదని నేను సంబరపడ్డాను. నాలుగు ఊళ్ళ స్టూడియోలవాళ్ళను పిలిచి చూపించుకున్నాను.

మొదటి వారంలోనే ఆయన బల్ల మీద కొట్టడం ఎక్కువైంది. గళ్ళు పడుతున్నాయి. కొత్త సాఫ్ట్‌వేర్ బొమ్మను అంత వేగంగా కుమ్మరిస్తుంటే పాత మెమరీ కార్డు అందుకోలేకపోతోందని రెండు రోజుల్లో పట్టుకున్నాడు. కార్డు మార్చాం, గళ్ళు పోయాయి. కానీ ఇంకొకటి మిగిలింది. పెళ్ళిలో ఒక పెద్దాయన వేసుకున్న నల్లకోటు వీడియోలో ముదురు ఎరుపుగా, ఎండిన రేగుపండు రంగులో ఉంది.

ముందు ఆయన తననే అనుమానించుకున్నాడు. వైరు మార్చాడు. వీడియోను ఇంకో రకం ఫైలుగా మార్చి చూశాడు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోయి ఎదురుగా టీ బంకులో టీవీ మీద చూశాడు. అక్కడా ఎరుపే. పాత కెమెరానూ కొత్త కెమెరానూ పక్కపక్కన పెట్టి స్టూడియోలో ట్యూబులైటు కింద నల్లదారం కుచ్చు తీశాడు. రెండిట్లోనూ నలుపే వచ్చింది. ఒక రోజంతా ఏమీ తోచక కూర్చున్నాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం కెమెరా తీసుకుని మిద్దె ఎక్కాడు. ఎండలో అదే కుచ్చు కొత్త కెమెరాలో ఎర్రగా వచ్చింది. పెళ్ళిళ్ళలో వాడే పాత హాలోజన్ లైటు కింద పెడితే ఇంకా ఎర్రగా వచ్చింది.

కిందికి దిగి వచ్చి నా ముందు రింగు పెట్టాడు. ముఖం మీద చెమట, నవ్వు.

"మన కంటికి కనపడని వెలుగు ఒకటుంటాదన్నా. ఎండలో ఉంటాది, పెద్ద లైట్లలో ఉంటాది, ట్యూబులైట్లో ఉండదు. ఆ అద్దం దాన్ని ఆపుతాండె. అద్దం తీసేసినారు కదా, ఇప్పుడు అది కూడా లోపలికి పోతాండాది. అది పడితే నలుపు నలుపుగా ఉండదు."

అన్ని నలుపులూ అలా మారవట. ఆయన దగ్గర రెండు నల్ల కుచ్చులు ఉన్నాయి. ఒకటి వాళ్ళ నాయన అద్దినది, ఒకటి వేరే అద్దకంవాళ్ళది. కెమెరాలో వాళ్ళ నాయన నలుపు ఎర్రబడింది, రెండోది మారలేదు. "మా నాయనకు చెప్తే చెప్పు తీసుకుంటాడు" అని చాలాసేపు నవ్వాడు.

మరి మిక్సింగ్‌లో సరిచేయొచ్చు కదా అన్నాను. కూర్చోబెట్టి చూపించాడు. ఆ ఎరుపును పట్టుకుని నలుపు చేశాడు. కోటు నల్లబడింది. పక్కన నిలబడ్డ పెండ్లికొడుకు తల్లి నిజంగానే మెరూన్ చీర కట్టుకుంది, ఆమె చీర కూడా నల్లబడింది. ఆ కెమెరాకు రెండూ ఒకటే రంగు, విడదీయడం ఎవరివల్లా కాదు అన్నాడు. దీనికి మందు కంప్యూటర్లో లేదు, లెన్సు ముందు బిగించే అద్దం ఒకటి దొరుకుతుంది, అది తెప్పించమన్నాడు. సరే అన్నాను. తెప్పించలేదు. అద్దం బిగిస్తే చీకట్లో చూసే గొప్ప పోతుంది కదా అని నా బాధ. నలుగురినీ పిలిచి చూపించుకున్నది ఆ గొప్పే.

ఆ రోజుల్లోనే ఒక నేతాయన నా దగ్గరకు వచ్చాడు. నాకంటే పెద్దవాడు, మామా అని పిలిచేవాణ్ణి. సొంత మగ్గం, సొంత డిజైను. పసుపు ఒళ్ళు, నల్ల అంచు, అంచులో సన్నటి జరీ. వాళ్ళమ్మ కట్టుకున్న పాత చీరను చూసి దింపాడు. నల్ల అంచు పెళ్ళికి పనికిరాదనేవాళ్ళు ఉన్నారు, తెలిసే నేశాడు. వేరే రాష్ట్రంలో పట్టుచీరల వ్యాపారులకు పంపడానికి చిన్న వీడియో కావాలన్నాడు.

ఆ పనికి మిక్సింగ్ ఆయన కూడా మాతో వచ్చాడు. నేతాయన ఇంటి ముందు ఎండలో చీర పరిచి తీశాం. లోపల మగ్గం దగ్గర హాలోజన్ పెట్టి తీశాం. మొదట్లో, నేతాయన లోపల మగ్గం సర్దుకుంటుండగా, ఆయన మామూలుగా దారాలు చూపించాడు. ఏం చూపించాడో, ఏం అన్నాడో నాకు గుర్తు లేదని తర్వాత ఎనిమిదేళ్ళు చెప్పుకుంటూ వచ్చాను.

వీడియో సిద్ధమైంది. చూడముచ్చటగా ఉంది. అంచు మాత్రం మెరూన్. దాన్ని ఏమీ చేయలేక ఆయన చీర కనిపించిన ప్రతిచోటా కింద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అక్షరాలు వేశాడు: "అంచు రంగు నలుపు. ఇక్కడ ఎర్రగా కనిపిస్తుంది." మనం చేసిన వీడియోలో మన తప్పు మనమే రాసుకుంటామా అని నేను విసుక్కున్నాను. అద్దం వచ్చేదాకా ఆగి మళ్ళీ తీద్దాం అన్నాడు. శ్రావణం దగ్గర పడుతోంది, వ్యాపారులు ఆగరు అన్నాను. అయితే అక్షరాలు ఉండనీ అన్నాడు. అప్పుడు మధ్యాహ్నమైంది. మానిటరు మీద తువ్వాలు కప్పి అన్నానికి పోయాడు.

నేను ఆ తువ్వాలు ఎత్తాను. అక్షరాలన్నీ తీసేశాను. ముందున్న దారాల ముక్క కూడా కోసేసి, నేతాయనకు చూపించకుండానే వీడియోను నేరుగా వ్యాపారులకు పంపించేశాను. తువ్వాలు మళ్ళీ కప్పాను.

ఆయన వచ్చి ఒక్క క్షణం ఆగి ఆ తువ్వాలును చూశాడు. ఎలా కప్పాడో ఆయనకు తెలుసు కదా.

"పంపినావా అన్నా?"

"పంపినా."

తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. ఆ రోజు ముఖం తుడుచుకోలేదు.

వ్యాపారులకు ఆ చీర నచ్చింది. వీడియోలో ఉన్నట్టే కావాలని చెప్పారు. నేతాయన తాను నేసింది వాళ్ళకు నచ్చిందని మురిసిపోయి, ఇంటిల్లిపాదీ కూర్చుని నేసి పంపాడు. అక్కడ మూటలు విప్పితే నల్ల అంచు. చూపించేది ఒకటి, పంపేది ఒకటి అని అన్నీ తిప్పి పంపారు. ఆ మాట అక్కడ ఆగలేదు, ధర్మవరం పట్టుబజారు దాకా వచ్చింది. ముప్పై ఏళ్ళు నేసిన మనిషిని మోసగాడన్నారు.

ఆయన చీర ఒకటి సంచీలో పెట్టుకుని నా స్టూడియోకు వచ్చాడు. వెంట బజారువాళ్ళు నలుగురు. టీ బంకు దగ్గర ఉన్నవాళ్ళు కూడా లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన చీర నా బల్ల మీద పడేశాడు.

"నా అంచు నలుపప్పా. నీ బొమ్మలో ఎరుపు. నన్ను దొంగను చేసినావు."

నేను ఆలోచించుకోలేదు. ఆలోచించి ఉంటే వేరేగా అనేవాణ్ణని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు ఆ నమ్మకం కూడా లేదు.

"నేను తీసేటోన్ని మామా. రంగులు పెట్టేది లోపలున్న ఆయప్ప. మిక్సింగ్‌లో తేడా చేసినాడు. నాకెవురూ చెప్పలేదు."

లోపలి గదికి తలుపు లేదు, తెర మాత్రమే ఉంది. తెర జరిపి ఆయన బయటికి వచ్చాడు. నా వైపు చూడలేదు. బల్ల మీది చీర తీసుకుని, గుమ్మం దగ్గర ఎండ పడేచోటికి పోయి అంచును బొటనవేలి మీదుగా లాగి చూశాడు. ఇటు తిప్పి, అటు తిప్పి చాలాసేపు చూశాడు. గుమ్మంలో ఉన్నవాళ్ళు ఆయన ఏదో అంటాడేమోనని ఎదురుచూశారు. ఆయన చీరను దాని మడతల్లోనే మడిచి నేతాయన చేతిలో పెట్టాడు.

"నలుపు బాగా పట్టింది మామా. ఎవురు అద్దినారు?"

నేతాయన ముఖం మాడిపోయింది. జవాబు చెప్పకుండా సంచీ పట్టుకుని వెళ్ళిపోయాడు. వెనకనుంచి ఎవరో, "చేసిందంతా చేసి చూడు, ఎట్లడుగుతాండాడో" అన్నారు. ఇంకెవరో ఆ పేరు అన్నారు. ఊసరవెల్లి. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, ఆపనూ లేదు.

మర్నాడు ఆయన మామూలు టైముకే వచ్చాడు. చేతిలో ఉన్న రెండు పెళ్ళిళ్ళు పూర్తి చేశాడు. బల్ల తుడిచి, తువ్వాలు తీసుకుని, దారాల రింగు జేబులో వేసుకుని, తాళంచెవి నా ముందు పెట్టాడు. "వస్తానన్నా" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు. ఆ తర్వాత ఏ స్టూడియోలోనూ ఆయనకు రంగుల పని ఇవ్వలేదు. నేను తీసేశాననే అందరూ అనుకున్నారు. కాదని నేను చెప్పలేదు. రెండు మూడేళ్ళు గడిచేసరికి ఆయన నాకు నిజంగానే ఏమీ చెప్పలేదని నేనే నమ్మడం మొదలుపెట్టాను.

ఒకసారి మాత్రం కలిశాను. పెళ్ళి పని మీద శింగనమల పోతుంటే రోడ్డు పక్కన ఎరువుల దుకాణం ముందు నిచ్చెన వేసుకుని ఒక మనిషి సీసీ కెమెరా బిగిస్తున్నాడు. నిచ్చెన చివర నిలబడి ఆ కెమెరా ముందు ఏదో ఊపుతున్నాడు. చేయి చూడగానే తెలిసిపోయింది. బండి ఆపాను.

"ఏమప్పా, దీనికీ దారాలేనా?"

ఆయన కిందికి చూసి నవ్వాడు, నిన్ననే విడిపోయినట్టు. "అలవాటన్నా. రాత్రయితే ఇది మనకు కనపడని లైటు వేసుకుని చూస్తాది. దొంగ నల్లచొక్కా వేసుకొనొస్తే తెల్లచొక్కా అని చెప్తాది. షాపాయనకు ముందే చెప్పినా."

దిగి వచ్చాడు. టీ తాగాం. బెళుగుప్ప వైపు ఒక వాన పడిందని, ఈ వైపు శెనక్కాయ చెట్లు వాడిపోతున్నాయని మాట్లాడుకున్నాం. తప్పు నాదేనన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. గ్లాసు కింద పెట్టాక చెబుదామనుకున్నాను. ఈలోపు ఆయనే అడిగాడు.

"ఆ కెమెరా ఉండాదా అన్నా?"

"అమ్మేసినా."

"కొన్నాయనకు చెప్పినావా, దాని సంగతి?"

"చెప్పినా."

చెప్పలేదు. ఆయన తల ఊపి మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. నేను బండి ఎక్కాను.

ఆయన పోయిన పదిహేను రోజులకు ఆయన భార్య స్టూడియోకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. పాత చీరముక్కలో చుట్టిన హార్డ్ డిస్కు ఒకటి బల్ల మీద పెట్టింది. దాని మీద నా స్టూడియో స్టిక్కరు, సగం చిరిగి ఉంది.

"మీ వస్తువు. మా ఇంట్లో ఎందుకని తెచ్చినా" అంది. తర్వాత తనంతట తానే చెప్పింది. ఏడాదికొకసారి దాన్ని బయటికి తీసి, పని చేస్తోందా లేదా చూసి, మళ్ళీ చుట్టి పెట్టేవాడట. అందులో ఏముందని ఆమె అడిగితే నవ్వేవాడట. "ఇదేందో ఎవురికన్నా చూపించరాదా అంటే, అడిగితే చూపిస్తా అనేటోడు. అడిగినోళ్ళు లేరన్నా."

ఆమె వెళ్ళాక డిస్కు కంప్యూటర్‌కు పెట్టాను. లోపల ఒక్కటే ఫోల్డరు, దాని పేరు దారాలు. పదకొండేళ్ళలో ప్రతి షూటింగు మొదట్లో చూపించిన దారాల ముక్కలన్నీ, ఏ ఇల్లో ఏ పెళ్ళో పేర్లతో దాచిపెట్టాడు. నేతాయన ఇంటి ముక్క వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఎండ. మట్టి అరుగు. ఆయన చేయి. ఇది పసుపు. ఇది చిలకపచ్చ. ఒక్కొక్కటే పోతోంది. ఆఖరున ఒక కుచ్చు పట్టుకున్నాడు, తెర మీద అది ముదురు ఎరుపుగా ఉంది. "ఇది నలుపు" అన్నాడు. "అన్నా, ఈ చీర అంచు కూడా ఇట్లనే పడతాది. ఎర్రగా వస్తాది, నమ్మొద్దు. అద్దం లేకుండా ఇది ఎవురికీ పంపొద్దు." తర్వాత కెమెరా వెనకనుంచి ఇంకో గొంతు, విసుగ్గా:

"తెలుసులేప్పా. ఎన్నిసార్లు చెప్తావు. కానియ్యి, ఎండ పోతాంది."

అది నా గొంతు.

ఆ రోజు బజారంతా నిలబడి ఉండగా, నాకెవరూ చెప్పలేదని నేను అన్నప్పుడు, ఈ ముక్క తెర వెనక ఆయన కంప్యూటర్లోనే ఉంది. రెండు అడుగులు వెనక్కి వేసి ఒక బటన్ నొక్కితే చాలు. ఆయన నొక్కలేదు, చీర తీసుకుని ఎండలోకి పోయాడు.

లాప్‌టాప్ తీసుకుని నేతాయన ఇంటికి పోయాను. ఇప్పుడాయన సొంత డిజైన్లు నేయడం లేదు, వేరేవాళ్ళ మగ్గం మీద కూలికి నేస్తున్నాడు. అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ ముక్క వేశాను. "మా అరుగే ఇది" అన్నాడు. ఆఖరుదాకా విన్నాడు. మళ్ళీ వేయమన్నాడు. మూడోసారి కూడా వేయమన్నాడు.

"వెనకాల మాట్లాడింది నువ్వే కదా?"

"నేనే మామా."

వీధి వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఆయప్ప ఎదురుపడితే నేను పక్క సందులో పోతాంటి. ఎనిమిదేండ్లు. వాళ్ళ నాయన పోయిన పొద్దు కూడా పోలేదు. ఆ పాపం నాతో చేయించినావు."

నేను లాప్‌టాప్ మూశాను. ఆయనే అందుకున్నాడు.

"ఆ పొద్దు అడిగినాడే, ఎవురు అద్దినారని. ఎగతాళి అనుకున్నా. ఆ నలుపు వాళ్ళ నాయన చేతిదేనప్పా. ముసలాయన గంగాళాలు అమ్మేసే ముందు ఆఖరుగా అద్ది నాకిచ్చిన దారం అది. బట్ట పట్టుకుంటానే ఆయప్పకు తెలిసిపోయింటాది. నా నోటితో వినాలని అడిగింటాడు." ఆయన మోకాలి మీద చేత్తో రాసుకున్నాడు. "ఒక్క మాట. మీ నాయనదే అని చెప్పింటే అయిపోతాండె."

నేను లేచి నిలబడ్డాను. క్షమించమని అడగబోయాను. చేయి అడ్డం పెట్టాడు.

"నాకు చెప్తే ఏమొస్తాది? యాడ చెప్పినావో ఆడ చెప్పు."

అక్కడినుంచి నేరుగా స్టూడియో ఎదురుగా ఉన్న టీ బంకుకు పోయాను. ఆ రోజు గుమ్మంలో నిలబడ్డవాళ్ళలో ఇద్దరే ఉన్నారు. చెప్పాను. ఒకాయనకు ఆ సంగతే గుర్తు లేదు. రెండో ఆయన, "ఎవురు, ఊసరవెల్లేనా?" అన్నాడు. కాదన్నాను. లాప్‌టాప్ తెరిచి బంకు బల్ల మీద పెట్టి వినిపించాను. టీ పోసే మనిషి పొయ్యి తగ్గించి విన్నాడు. తర్వాత వాట్సాప్ గ్రూపులో ఆ ముక్కే పెట్టాను, కింద రెండు వాక్యాలు రాసి. చాలామంది చూశారు. ఎవరూ ఏమీ రాయలేదు. ఆ పేరు రాసినతను మాత్రం తన మాట తీసేశాడు.

ఆయన భార్యకు వాళ్ళ మామగారి నలుపు సంగతి చెప్పడానికి పోయాను. గుమ్మంలోనే విని, లోపలికి పోయి దారాల రింగు తెచ్చి చూపించింది. కుచ్చులన్నీ వెలిసిపోయాయి. ఒక్క నల్లది మాత్రం కొత్తగా అద్దినట్టే ఉంది. ఇస్తుందేమో అనుకున్నాను. ఇవ్వలేదు. అదే సరి.

బంకు దగ్గర విన్నవాళ్ళు ఇద్దరు. మిగతావాళ్ళు ఎక్కడెక్కడున్నారో తెలియదు కాబట్టి ఇక్కడ కూడా చెబుతున్నాను. ఆ అంచు నలుపు. ఆయన ముందే చెప్పాడు. నేను విన్నాను.